కామాక్షి పిన్ని అడిగిన అరుగు

ఆ పొగగొట్టానికేనా ఫోటో తీస్తన్నావు కిరణూ? తియ్యి, తియ్యి. దాన్లోంచి ఈనాటిదాకా పొగ బయటికొస్తే ఒట్టు. నవ్వుతావేటి? ఇలా కూకో, సెప్తాను. మా వైకుంఠరావు సిన్నాన్న ఉండేవోడు, నీకు ముత్తాత వరస, బడా బజార్లో బట్టలకొట్టు. ఆయన గోపాల్‌పూర్‌లో ఏదో హోటల్ గోడమీద ఇంగ్లండు దొరల పల్లెటూరి బంగళా బొమ్మ సూసాడు. అంతే, పిచ్చెక్కిపోనాది. నిలువెత్తు కిటికీలు, గుమ్మానికి అటూ ఇటూ స్తంభాలు, పైన పొగగొట్టం. మన జాగా ఏమో రెండు మంచాలు అడ్డంగా పట్టవు, ఈదినించి పెరటిదాకా రైలుపెట్టెలాగ పొడుగు. మేస్త్రీ పైడయ్య తల గోక్కుని, "ఎనకాల ఎలాగుంతాది బాబూ?" అన్నాడు. "బొమ్మలో ఎనకాల కనపడదు గదరా, అది మనిష్టం" అన్నాడీయన. అలాగ ముందు దొరగారి బంగళా, ఎనక మన పెంకుటిల్లు లెగిసింది.

కామాక్షి పిన్నికి ఏ పేచీ నేదు. ఒక్కటే అడిగింది, "అరుగేదండీ?" అని. ఒడియావోళ్లు పిండా అంతారే, అదే. మన ఈదిలో అరుగు నేని ఇల్లుంతాదేటి? అప్పడాలెండినా, పెళ్లిమాటలైనా, కొట్లాటైనా అక్కడే గదా. "బొమ్మలో అరుగు నేదు" అంతాడు సిన్నాన్న. "బొమ్మలో నాను మాత్రం ఉన్నానేటి? అయితే రాను పొండి" అన్నాది.

గృహప్రవేశం రోజు అన్నంత పనీ సేసింది. పట్టుచీర కట్టుకుని ఎదురింటి అరుగుమీద బిగదీసుక్కూకుంది. ముహూర్తం దాటిపోతంది. పంతులుగారు, "పాలు పొంగించాల్సింది ఇల్లాలు బాబూ" అని మొత్తుకుంతన్నారు. సిన్నాన్నకి పౌరుషం పొడుసుకొచ్చింది. "నానే పొంగిస్తాను, ఏటౌతాదో సూద్దాం" అని హాల్లో పొగగొట్టం కింద కట్టించిన దొరల పొయ్యిలో కట్టెలు పేర్చి, పాలగిన్నె ఎట్టి, ముట్టించాడు. అయితే పైడయ్య ఏటి సేసాడంటే, పైనుంచి వాన దిగుతాదని, కోతులు దూరతాయని, పొగగొట్టం నెత్తిమీద పలక ఏసి సిమెంటు కొట్టీసాడు! బొమ్మలో మరి బెజ్జం కనపడదు గదా. పొగ పైకెల్లింది, మూత తగిలింది, తిరిగొచ్చింది. పంతులుగారు మంత్రం సగంలో దగ్గుకుంతా పెరట్లోకి పరుగు. పక్కింటి ఒడియా ముసలాయన "నిఆఁ లాగిలా! నిఆఁ లాగిలా!" అని ఒకటే కేకలు. ఇల్లంటుకుందని ఈదంతా బిందెల్తో వొచ్చీసింది. సిన్నాన్న మాత్రం బయటికి రాడే! లోపల్నించి దగ్గూ, "పొంగుతన్నాయి, పొంగుతన్నాయి" అన్న అరుపూ. అప్పుడు సూడాలి పిన్నిని. సీర ఎగ్గట్టి ఒక్క ఉరుకు. ఆయన సెయ్యట్టుకుని బరబరా ఈడ్చుకొచ్చింది, ఇద్దరి మొకాలూ మసే. పంతులుగారు కళ్లు తుడుసుకుంతా, "అమ్మయ్య, ఇల్లాలు అడుగెట్టీసింది, ప్రవేశం అయిపోయింది" అన్నారు. "ఎడంకాలు ఎట్టాను, సెల్లదు. అరుగు కట్టించాకే కుడికాలు" అన్నాది మా పిన్ని.

కట్టించక సస్తాడా! మనం కూకున్నది అదే. స్తంభాల మధ్యన అరుగు, దొరలు సూస్తే మూర్ఛపోతారు. ఆనక ఆలుమగలిద్దరూ సాయంత్రమైతే ఇక్కడే, వచ్చేపోయేవోళ్లని పలకరించుకుంతా. పిన్ని పోయాక ఆయనొక్కడే కూకునేవోడు. ఓ నాడు జల్లు కొట్టీస్తంది. "లోపలికి రా సిన్నాన్నా, తడిసిపోతన్నావు" అన్నాను. కదల్లేదు. "నన్ను ఈడ్చుకెల్లే మనిషేదిరా" అన్నాడు.

...మీ అమ్మకి మోకాలు నొప్పన్నావు, తగ్గిందా?