తుపాకక్క ఎడమచెయ్యి

రా, ఇలా కూర్చో. ఆ కుర్చీ వద్దు, దాని కాలు ఊగుతుంది, ఇటు రా. మీ అమ్మ అంతా చెప్పిందిలే. ఆఫీసులో నువ్వు చేసే పని మొత్తం ఇకనుంచి ఏదో కొత్త మెషీనే చేసేసుకుంటుందట, నిన్ను సోమవారం నుంచి వేరే పని నేర్చుకోడానికి క్లాసుకి రమ్మన్నారట, నువ్వేమో ఎనిమిదేళ్ళు చేసినదాన్ని మళ్ళీ ఒకటో తరగతిలో కూర్చోనా, రాజీనామా ఇచ్చేస్తానంటున్నావట. అంతేగా? ఇచ్చెయ్. నేనేమన్నా వద్దన్నానా? నేనూ రాశాను ఒకప్పుడు. రాసి, మడిచి, చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను కూడా. అది ఇవ్వకుండా చేసింది తుపాకక్క. నీకు గుర్తుండదు. నీ అయిదో ఏట ఒకసారి మనింటికొచ్చింది, నువ్వు ఆవిడ కళ్ళజోడు లాక్కుని మంచం కిందకి దూరావు. ఆ తర్వాత కొన్నాళ్ళకే పోయిందిలే పాపం. పాపమెందుకు, దర్జాగా పోయింది. అబ్బ, ఏం మనిషే!

తుపాకక్క అంటే తుపాకీ పట్టుకునేది కాదే పిచ్చిదానా. మాది బీమా కంపెనీ కదా, కింద అంతస్తులో మెట్ల పక్కన టైపు గది. పదకొండు మెషీన్లు, పదకొండు మందిమి, అందులో మగవాణ్ణి నేనొక్కణ్ణే. గోడలకి అట్టముక్కలు కొట్టించారు, మా చప్పుడు పైకి పోకుండా. ఆ పదకొండు మెషీన్లలో ఒక్కటి మాత్రం పై అంతస్తుదాకా వినపడేది. దడదడదడదడ, టింగు, సర్రు! మళ్ళీ దడదడదడ. అదీ అక్క. ముప్ఫై ఏళ్ళు కొట్టింది ఆ గదిలో. ఆ 'టింగు' ఏంటంటే, పాత మెషీన్లో వరస చివరికొచ్చేసరికి చిన్న గంట కొట్టేది. గంట కొట్టగానే ఎడమచేత్తో పైనున్న మీటని ఇట్లా తోస్తే, కాయితం ఒక వరస పైకి జరిగి, బండి మొత్తం సర్రున మొదటికి వచ్చేది. రోజుకి ఎన్ని వందలసార్లు తోసేవాళ్ళమో. ఆ చెయ్యి మనం చెప్తే లేచేది కాదు, దానంతటదే లేచేది. ఇది గుర్తుపెట్టుకో, తర్వాత పనికొస్తుంది.

ఏం చెప్తున్నాను? ఆఁ, ఉత్తర్వు. ఒకరోజు పొద్దున్నే నోటీసు బోర్డు మీద కాయితం. టైపు మెషీన్లు తీసేస్తున్నాం, కంప్యూటర్లు వస్తున్నాయి, మూడు నెలలు నేర్పిస్తాం, ఆఖర్న పరీక్ష. పది నిమిషాలు కొట్టాలి, నిమిషానికి యాభై మాటలు, మొత్తం మీద తప్పులు అయిదు దాటకూడదు. నెగ్గినవాళ్ళకి ఉద్యోగం, నెగ్గనివాళ్ళకి దండం. అక్క ఆ కాయితం రెండుసార్లు చదివి, "దీన్ని టైపు చేసింది నేనే, నిన్న సాయంత్రం. కొట్టేటప్పుడు అర్థం చూసుకోలేదు" అంది. అట్లా ఉండేది మా పని. వేళ్ళు చదివేవి, మేము చదివేవాళ్ళం కాదు. ఆవిడకి అప్పటికి నలభై ఎనిమిదేళ్ళు. మొగుడు పనిచేసే మిల్లు మూతపడి ఆయన ఇంట్లో ఉంటున్నాడు. ఇద్దరాడపిల్లల చదువులు. ఇల్లంతా ఆవిడ జీతం మీదే నడిచేది. కాబట్టి నీలాగా, నాలాగా జేబులో కాయితం పెట్టుకుని తిరిగే విలాసం ఆవిడకి లేదు.

నేర్పించడానికి ఒక కుర్రాడొచ్చాడు. పాతికేళ్ళుంటాయేమో, ఎండాకాలంలో కూడా మెడకి టై. మేం టై సారు అని పేరు పెట్టాం. తెలివైనవాడే, చెడ్డవాడు కాదు, కాకపోతే నోటికి తాళం లేదు. మొదటిరోజే, "మీ వయసువాళ్ళకి చేతులు తిరగడం కష్టమండీ, ప్రయత్నిద్దాం" అన్నాడు. అన్నాడా, తుపాకక్క కూర్చుని మొదటి వరస కొట్టింది. వరస అయ్యేసరికి లేచిందమ్మా ఎడమచెయ్యి! కొత్త మెషీనుకి గంటా లేదు, మీటా లేదు, వరసలు వాటంతటవే మారిపోతాయి. ఆ సంగతి చేతికి తెలీదుగా. సర్రున పోయి సారు టీ కప్పుకి తగిలింది. టీ అంతా టై మీద. మేం నవ్వు ఆపుకోలేక చచ్చాం. తర్వాత మాకూ అదే గతి. ఒకావిడ చెయ్యి పక్కావిడ చెంపకి తగిలింది. అది పక్కనుంచితే, ఆ గాజు తెర! అక్షరాలు ఆకుపచ్చగా మెరుస్తూ, మనం ఎక్కడ ఆగితే అక్కడ ఓ గీత టపటపా కొట్టుకుంటూ, "ఊఁ, కానీ, కానీ" అని తరుముతున్నట్టుండేది. దాన్ని చూస్తూ కొడితే నా వేగం సగానికి పడిపోయింది. రెండో నెలాఖరుకి నిమిషానికి ముప్ఫై మాటలు. అప్పుడే రాశాను రాజీనామా.

అక్క చూసేసింది. నా జేబులోంచి తీసి చదివి, "ఇందులో మూడు తప్పులున్నాయి, ఇలాంటి కాయితం ఇచ్చి పోతే టైపు గది పరువు పోతుంది, తప్పుల్లేకుండా కొట్టి అప్పుడివ్వు" అని నా చేతిలో పెట్టింది. ఇంకేం కొడతాను! తను మాత్రం ఏం చేసిందో తెలుసా? పారేసే పాత మెషీన్ల రిబ్బను ఉంటుందిగా, నల్లరంగు పట్టించిన పట్టీ, దాంతో తన ఎడమ మణికట్టుని కుర్చీ చేతికి కట్టుకుంది. వేళ్ళు ఆడటానికి జాగా ఉంటుంది, చెయ్యి పైకి లేవడానికి ఉండదు. రోజూ భోజనాల విరామంలో అట్లా కట్టుకుని కొట్టేది. మణికట్టు చుట్టూ నల్లగా గాజు వేసుకున్నట్టు మరక. ఇంట్లో వాళ్ళమ్మాయి "ఇదేంటమ్మా" అంటే, "ఉద్యోగం జారిపోకుండా కట్టుకున్నాను" అందట.

ఇక పరీక్ష. మొదటి వంతు అక్కదే, మిగతా వాళ్ళందరికీ మర్నాడు. మేం పదిమందిమీ గోడకి ఆనుకుని నిలబడ్డాం. పెద్ద మేనేజరు గడియారం పట్టుకుని కూర్చున్నాడు. అక్క వచ్చి, కూర్చుని, రిబ్బను తీసి మణికట్టుకి చుట్టుకోబోయింది. టై సారు, "అదేంటండీ, పరీక్షలో కట్లూ గిట్లూ కుదరవు, తీసెయ్యండి" అన్నాడు. అక్క దాన్ని తీసి ఒళ్ళో పెట్టుకుంది. మొదలెట్టింది. దడదడదడ. రెండు నిమిషాలు బాగానే ఉంది, చెయ్యి కొంచెం లేవబోతుంది, దించుకుంటుంది, లేవబోతుంది, దించుకుంటుంది. మూడో నిమిషంలో లేచిందే! లేచి, పక్కన వేలాడే తెర తాలూకు తీగకి తగులుకుంది. ఊడొచ్చింది తీగ. తెర నల్లగా ఆరిపోయింది.

నేను కళ్ళు మూసుకున్నాను. అయిపోయింది, ఇల్లు మునిగింది అనుకున్నా. కానీ దడదడ ఆగలేదు! కళ్ళు తెరిచి చూస్తే అక్క కొడుతూనే ఉంది. ఆవిడకసలు తెర ఆరిపోయినట్టు తెలీదు. ముప్ఫై ఏళ్ళు కాయితం మీంచి చూపు తిప్పని మనిషి, తెరవైపు ఎప్పుడు చూసింది గనక! టై సారు "ఆపండమ్మా, ఆపండి" అంటున్నాడు. పదకొండు మెషీన్ల మోతలో బతికిన చెవులు, పని మీదుంటే ఒకళ్ళ మాట వింటాయా? వాడు వెళ్ళి ఆవిడ చెయ్యి పట్టుకోబోయాడు. మేనేజరు "ఉండవయ్యా" అని వేలు చూపించాడు. అంతే. ఏడు నిమిషాలు. ఆరిపోయిన తెర ముందు ఒక మనిషి వానలాగా కొడుతూనే ఉంది, మేం పదిమందిమీ చూస్తూ నిలబడ్డాం. మేనేజరు "టైము" అని బల్ల మీద కొడితే అప్పుడాగింది. తలెత్తి చూసి, "అయ్యో, ఇదెప్పుడు పోయింది?" అంది.

తీగ పెట్టారు. తెర వెలిగింది. వరసలు, వరసలు, కింది దాకా వరసలు! టై సారు కాయితం పక్కన పెట్టుకుని వేలుతో చూసుకుంటూ పోయాడు. నిమిషానికి డెబ్భై రెండు మాటలు. "తప్పు ఒక్కటే వచ్చిందండీ" అన్నాడు. అక్క వంగి చూసి, "అది తప్పు కాదు బాబూ. మీ కాయితంలో సెప్టెంబరు ముప్ఫై ఒకటి అని ఉంది. సెప్టెంబరుకి ముప్ఫయ్యే రోజులు. నేను దిద్దాను" అంది. మేనేజరు నవ్వాడు చూడు, కుర్చీ కిర్రుమంది! టై సారు నోరెళ్ళబెట్టి, "మీరు తెర చూడరా?" అని అడిగాడు. "చూడ్డానికి అక్కడేముంది? చదవాల్సింది కాయితం మీద ఉంటే!" అంది.

ఆవిడ ఉద్యోగం ఆవిడకొచ్చింది, ఇంకోళ్ళయితే ఇంటికెళ్ళి పండగ చేసుకునేవాళ్ళు. ఈవిడ లేవలేదు. "అయ్యా, రేపు ఈ పదిమందికీ తెరలు ఆపేసి పరీక్ష పెట్టండి. వీళ్ళకి చేతులు తిరక్క కాదు, దాన్ని చూసి జడుసుకుంటున్నారు" అంది మేనేజరుతో. టై సారు ఎంత గింజుకున్నా మేనేజరు ఒప్పుకున్నాడు. మర్నాడు తెరలన్నీ ఆపేశారు. నేను కూర్చున్నాను. ఎదురుగా ఆరిపోయిన గాజు, పక్కన కాయితం, వేళ్ళ కింద అక్షరాల మీటలు, అంతే. ఎక్కణ్ణుంచి వచ్చిందో ఆ వేగం! అరవై ఒకటి. రెండు తప్పులు. తొమ్మిదిమందిమి ఆ రోజే నెగ్గాం, మిగిలిన ఆవిడ వారం తర్వాత నెగ్గింది. పదకొండు మందిలో ఒక్కరంటే ఒక్కరం ఇంటికి పోలేదే! రాజీనామాని నాలుగు ముక్కలు చేసి ఆవిడ ముందే బుట్టలో వేశాను. సంతోషం పట్టలేక ఏడ్చాను కూడా, చెప్పుకోడానికి సిగ్గేముంది.

ఆ తర్వాత అక్కకి ఆగడం ఎక్కడిది? టైపిస్టు పోయి ఆపరేటరు అయింది, ఆపరేటరు పోయి మిగతా ఆఫీసులకి నేర్పించే పంతులమ్మ అయింది, ఆఖరికి శిక్షణ విభాగానికే పెద్ద. కంపెనీ ఇంకో కంపెనీలో కలిసింది, బోర్డు మారింది, గదులు మారాయి, ప్రతిసారీ ఏదో కొత్తది వచ్చేది, ప్రతిసారీ ముందు బెంచీలో ఈవిడే. పదేళ్ళ తర్వాత బల్ల మీద దొర్లించే మౌసు వచ్చింది. అప్పటికి టై సారు పెద్ద హోదాలో ఉన్నాడు. ఆయన చెయ్యి మౌసు మీద నిలవదు, పాత అక్షరాల మీటల మీదకే పోతుంది. అక్క క్లాసులో అందరిముందూ డ్రాయరు తెరిచి, ఆ పాత రిబ్బను తీసి, "చెయ్యి ఇలా ఇవ్వండి సారూ" అంది. ఇచ్చాడే! బుద్ధిగా ఇచ్చి మౌసుకి కట్టించుకున్నాడు. చప్పట్లు కొట్టాం అందరం.

నేనూ ఉన్నాను ఆ క్లాసులో, ఆవిడ పక్కనే. చూడు, ఇట్లా కూర్చునేది, మోచేతులు ఒంటికి ఆనించి, ఇదిగో, వేళ్ళు ఇట్లా, దడదడదడదడ, వరస అవగానే ఎడమచెయ్యి... అరెరె! పోయిందా? నీ మీద పడలేదుగా? నవ్వకే, గ్లాసు అక్కడెవరు పెట్టమన్నారు నిన్ను! నవ్వుతావేం, ఆ గుడ్డ ఇటు పడెయ్. సోమవారం ఎన్నింటికన్నావు నీ క్లాసు?