మోకాళ్ళు చూసే తాత

"తాతా, నిన్న నన్ను చూసేకి వచ్చినాయన మొగం చూడకుండా మోకాళ్ళే చూస్తా కూర్చున్నావంట. ఎందుకు తాతా?"

నవ్వొద్దమ్మా గౌరీ. మీ అవ్వ పొద్దున్నించీ అదే చెప్పి నన్ను బేజారు చేస్తా ఉండాది. పెండ్లికొడుకును చూడమంటే సంతలో ఎద్దును చూసినట్ల చూసినానంట. ఏం చేసేదమ్మా, అలవాటు. ఎవురు ఎదురొచ్చినా నా కండ్లు ముందు మోకాళ్ళ తట్టే పోతాయి. దానికొక కత ఉండాది. కూర్చో, చెప్తాను. ఆ చింతపండు ఈన్లు ఈడ కూర్చొనే తియ్యొచ్చులే.

నేను హాకీ ఆడినానని నీకు తెలుసు కదా. ఫార్వర్డు. ముందర పరిగెత్తి గోలు కొట్టేది నా కెలసం. హోసూరు పక్కన బేరిగై పల్లెలో పుట్టినోడికి హాకీ ఎట్లొచ్చె అంటే, మా మేనమామ బెంగళూర్లో మిలిటరీ గ్రౌండు పక్కన తోటపని చేస్తా ఉండె. చదువుకోమని ఆయనకాడికి పంపిస్తే, చదువు తప్ప అన్నీ నేర్చుకున్నాను. మా మామ మంచోడు, పాపం, కోపం మాత్రం ముక్కు మీదుండేది. అది వేరే కత. ఆ హాకీ చూసి బెంగళూర్లో ఒక ఫ్యాక్టరీవాళ్ళు నన్ను పిల్చి పని ఇచ్చినారు. పగలు పని, సాయంత్రం ఆట. హోసూరు నుంచి బస్సులో పోయి వచ్చేవాణ్ణి. అప్పుడు బస్సు చార్జీ అణాల్లోనే. నేనెక్కితే కండక్టరు, "నిన్న ఎన్ని గోల్సప్పా?" అని అడిగేవాడు. అబద్ధం కాదమ్మా, మీ అవ్వను అడుగు.

మైసూర్లో మ్యాచి. వాన పడి గ్రౌండంతా బురద. బాలు తీసుకొని గోల్కీపరు మీదికి పోయినాను. కాలు బురదలో ఆడే నిల్చిపోయె, ఒళ్ళు మాత్రం తిరిగె. మోకాలు టప్ అనె. అంతే, నా ఆట అయిపాయ. డాక్టరు నడవొచ్చు, పరిగెత్తకూడదు అనె. ఏడ్చినానమ్మా. మీ అవ్వకు తెలీకూడదని ఎద్దుల కొట్టంలో కూర్చొని ఏడ్చినాను. ఆమెకు తెలిసేపోయిందిలే.

మా కోచ్ సారు పిల్చి, "కాళ్ళు పోతే పోయినాయి, కండ్లుండాయి కదా. మీ కొండల తట్టు పోయి నాకొక ఫార్వర్డును తీసుకొని రా. ఈ సీజన్లో తెస్తే నీకదే పని. తేకపోతే మిషన్ కాడ నిలబడాల" అనె. ఆ మోకాలితో ఎనిమిది గంటలు మిషన్ కాడ ఎట్ల నిలబడేది? కట్టె ఊతంగా పట్టుకొని బయల్దేరినాను.

కృష్ణగిరి, డెంకణికోట, తిరగని ఊరు లేదు. యాడ చూసినా చెడుగుడే. నేనేమో మోకాళ్ళు చూస్తా పోయినాను. వంగేదెట్ల, తిరిగేదెట్ల, ఎగిరి దిగేదెట్ల. నాకు లేని మోకాలు ఇంకొకరికి ఉండాదా అని. అదేనమ్మా నాకు పట్టిన పిచ్చి.

అంచెట్టి దాటినాక ఒక వంకలో చూసినాను వాణ్ణి. పేరు మాదప్ప. పద్దెనిమిదో పందొమ్మిదో ఉంటాది. నలభై ఆవుల్ని తోలుకొని వస్తా ఉండాడు. చేతిలో వంకర కట్టె, ముందర ఏదో చెట్టు కాయ. ఆ కాయను కట్టెతో తట్టుకుంటా, ఆవుల కాళ్ళ సందులో దూరి, ఈ తట్టు నుంచి ఆ తట్టుకు వచ్చేస్తా ఉండాడు. ఒక్క ఆవు బెదరలేదు! ఆ మోకాళ్ళు చూసి నేను వంక గట్టు మీద అట్లనే కూర్చుండిపోయినాను.

వాళ్ళమ్మ తిమ్మక్క, మొగుడు లేని ఆడది. ఉన్నింది ఒక్క కొడుకు. రాగి చేను మీద ఏనుగులు పడితే మంచె మీద నిలబడి తప్పెట కొట్టేది వాడే. వాణ్ణి ఆటకు పంపించమని అడిగితే, ఆమె నన్ను పైనించి కింద దాకా చూసి, "అన్నా, వాడు ఈ కొండ దిగినోడు కాదు. ఆడ మా వాణ్ణి చూసి నలుగురూ నవ్వకూడదు. నీ మాట మీద పంపిస్తా ఉండాను" అనె. నవ్వరమ్మా, నేనుండాను కదా అని చేతిలో చెయ్యేసి చెప్పినాను.

నవ్వినారు.

బెంగళూర్లో గ్రౌండులో వాని చేతికి స్టిక్కు ఇచ్చినాము. నీకు తెలుసో లేదో, హాకీ స్టిక్కు ఒక తట్టు చదునుగా ఉంటాది, ఇంకొక తట్టు గుండ్రంగా. చదును తట్టుతోనే కొట్టాల. గుండ్రం తట్టు తగిలితే తప్పని విజిలు. ఆ స్టిక్కు కుడిచేతివాళ్ళకే చేస్తారు. ఎడమచేతివాళ్ళకని వేరే స్టిక్కే లేదు. వీడు పట్టుకున్నాడు చూడూ, ఎడంచెయ్యి కింద, కుడిచెయ్యి పైన. తిరగామరగా! కొడితే విజిలు. ఇంకోసారి కొడితే ఇంకో విజిలు. నా మొగం సున్నం కొట్టినట్ల అయిపాయ. వాడు ఎడమచేతివాడని నేను చూడనే లేదు! ఆవులు తోలే గుండ్రం కట్టెకు ఈ తట్టు ఆ తట్టు ఉంటాదా? పైగా నేను మోకాళ్ళు తప్ప ఏం చూసినానని? చేతులు మార్చి పట్టుకోమంటే, బాలు ముసిలోడు నడిచినట్ల పోయె. గ్రౌండంతా నవ్వె. కోచ్ సారు నవ్వలేదు. "ఎనిమిది దినాల్లో చేతులు మార్చుకొని వస్తే చూస్తాను" అని లేచి పోయినాడు.

ఇంటికి తీసుకొని వచ్చినాను. మేము అప్పుడు హోసూర్లో సంత మైదానం పక్కన ఉన్నాము. పొద్దున్నించి సాయంత్రం దాకా వానికి అదే పని. నాకు కోపమమ్మా. నా మీదుండే కోపమంతా వాని మీద తీసినాను. ఎడంచేతి వెధవా అని తిట్టినాను. కింద పట్టుకోకుండా ఆ చేతిని టవలుతో స్టిక్కు పైకొసకు కట్టేసినాను కూడా. ఇప్పుడు తల్చుకుంటే నాకు సిగ్గైతాది. కట్టిన చెయ్యి బిగుసుకొనిపోయి ఆటను ఇంకా పాడు చేసె.

ఆరో దినం మద్యాన్నం, వాడు మూట కట్టుకొని వచ్చి, "అన్నా, నన్ను డెంకణికోట బస్సు ఎక్కించు. చేను కాయాల" అన్నాడు. కండ్లు నేల మీదుండాయి. నాకు తిమ్మక్క మొగం గుర్తొచ్చె.

మీ అవ్వ లోపల్నించి, "పోతే పోనీ, సంగటి తిని పొమ్మను" అనె. అప్పుడు మీ అమ్మ కడుపులో ఉండాది, ఏడో నెల. కుండ దించి, కాళ్ళ మధ్య పెట్టుకొని సంగటి గెలికేకి ఆమెకు చేతనయ్యేది కాదు. నేను మోకాలు వంచి కూర్చోలేను. మాదప్ప చూసినాడు. మూట పక్కన పెట్టి, "నువ్వు లెయ్యక్కా" అని కుండ ముందర కూర్చుని, సంగటి కట్టె తీసుకున్నాడు.

గౌరీ, ఇది విను. ఎడంచెయ్యి పైన. కుడిచెయ్యి కింద! పైచెయ్యి కట్టెను తిప్పతా ఉండాది, కిందిచెయ్యి వదులుగా తోడు పోతా ఉండాది. కుండలో కట్టె ఈ తట్టు పడి, ఆ తట్టు తిరిగి, ఒక్క ఉండ లేకుండా... అది హాకీ కాక ఇంకేంది? స్టిక్కును తిప్పేది ఎప్పుడూ పైనుండే ఎడంచెయ్యే కదా! మేము కుడిచేతివాళ్ళం ఆ ఎడంచేతికి నేర్పించేకి ఏండ్లు పడతా ఉన్నింది. వానికి అది పుట్టుకతో ఉండాది.

"ఎవురు నేర్పించినార్రా ఇట్ల?" అని అరిచినాను. వాడు బెదిరిపోయి, "మా అమ్మన్నా. చిన్నప్పుడు నా చేతి మీద చెయ్యేసి నేర్పించింది. తప్పా?" అన్నాడు.

తప్పు నాదిరా అని చెప్పినాను. నేను వాణ్ణి సారీ అడిగింది అదే మొదలు. సంగటి తిని ముగ్గురం మైదానానికి పోయినాము, మీ అవ్వ కూడా కడుపు పట్టుకొని వచ్చె. స్టిక్కు చేతికిచ్చి, "బాలును కొట్టద్దు. సంగటి గెలుకు" అన్నాను. గెలికినాడమ్మా! బాలు స్టిక్కుకు అతుక్కొని పోయె.

ఎనిమిదో దినం మాదప్ప కోచ్ సారు ముందర బాలుతో ముగ్గురు ఆటగాళ్ళను దాటుకొని పోయినాడు. హిట్టు ఇంకా మెత్తగానే ఉన్నింది, ఉండేది చెప్పాల కదా. సారు అదేం పట్టించుకోలేదు. "ఈ మణికట్టును యాడ పట్టినావు?" అని నన్ను అడిగె. సంగటి కుండలో సారూ అన్నాను. ఆయనకేం అర్థమైందో, వాణ్ణి చేర్చుకున్నారు. నాకూ ఆటగాళ్ళను వెతికే ఆ పనే ఇచ్చినారు.

తిమ్మక్క ఒక మ్యాచికి వచ్చె. గోలు పడితే అందురూ చప్పట్లు కొడతా ఉంటే, ఆమె నా తట్టు తిరిగి, "ఇంతమంది అరుస్తా ఉండారు కదన్నా, నవ్వేదైతే లేదు కదా?" అని అడిగె. లేదమ్మా అన్నాను. అప్పుడు కొంగు మొగానికి అడ్డం పెట్టుకొని ఆమే నవ్వింది.

ఆ మీదట చానామందిని తెచ్చినాను. ఏ ఊరికి పోయినా ముందు వంటింటి తట్టు చూసేవాణ్ణి. వీడెవుడో తిండిపోతు అనుకున్నారు ఊర్లవాళ్ళు. అనుకోనీలే. నేను పోగొట్టుకున్నదాన్నే అందుర్లో వెతికినాను కదా, వాళ్ళకుండేది నా కంటికి కనబడకుండా పాయ. ఆ దినం మాదప్ప కుండ ముందర కూర్చోకపోయి ఉంటే నేనే వాణ్ణి బస్సెక్కించి ఉందును గదమ్మా.

నిన్నటి పిల్లోడా? మోకాళ్ళు బాగుండాయి. కానీ అది నా పాత అలవాటు, దాన్ని నమ్మొద్దు. ఈ తూరి వచ్చినప్పుడు వాణ్ణి ఈడ నా ఎదురుగా కూర్చోబెట్టొద్దు. లోపలికి పిల్చి, మీ అవ్వకు నడుము నొప్పి అని చెప్పి, సంగటి కట్టె కుండ పక్కన పెట్టు. ఏ చెయ్యి పైన పెట్టినా పరవాలేదు. మాదప్ప మాదిరి అడగకుండానే తన పని పక్కన పెట్టి కుండ ముందర కూర్చుంటాడా, అది చూడు. నేను చూడనులే, నువ్వే చూసుకో. నీ కండ్లు మంచివి తల్లీ. నూరేండ్లు సల్లగుండు. ఆ... ఈన్లు తీసింది చాలు, మీ అవ్వ పిలస్తా ఉండాది పో.