పోటీ ఇంజనును కాపాడిన రాజారత్నం గారు

1988వ సంవత్సరం జూలై 18వ తేదీన తిరుపతిలోని మన సంస్థ ఉద్యాన విభాగంలో సాంకేతిక సహాయకులుగా చేరిన శ్రీ రాజారత్నం గారు, సుదీర్ఘ సేవానంతరం ఈ మాసాంతాన పదవీ విరమణ చేస్తున్నారు. వారి నైపుణ్యాన్ని, సమయపాలనను ప్రశంసించేవారు సభలో ఎందరో ఉంటారు. వారి అసూయను గురించి రాయడానికి మాత్రం వారి అనుమతి తీసుకోవలసి వచ్చింది. "రాసుకోప్పా, దాంట్లో దాచేదేముండాది? అందరికీ తెలిసిందే గదా" అన్నారు.

వారు చేరిన తొలినాళ్లలో ఆవరణలోని గడ్డిని కొడవళ్లతోనే కోసేవారు. మూలనపడి తుప్పుపట్టిన ఒక విదేశీ కోతయంత్రాన్ని విప్పి, శుభ్రపరచి, తిరిగి నడిపించిన నాటినుండి వర్క్‌షాపులో వారి మాటే చెల్లింది. ఖరీదైన యంత్రమే కలకాలం నిలుస్తుందన్న విశ్వాసం కూడా వారిలో ఆనాడే స్థిరపడింది. 1997లో శ్రీమతి గుల్నాజ్ గారు సమాన హోదాలో చేరారు. చిత్తూరులో లేతు పనిశాల నడిపే కుటుంబంలో పెరిగిన ఆమెకు ఇంజన్లు చిన్ననాటి నుండి పరిచితములు. రాజారత్నం గారిని అడిగే సంగతులను అధికారులు ఆమెను కూడా అడగసాగారు. ఆ "కూడా" అన్న మాట వారికి ముల్లులా గుచ్చుకునేది. ఆమెకు ప్రశంసాపత్రం వచ్చిన రోజున అందరికంటే ముందుగా వెళ్లి అభినందించిన రాజారత్నం గారే, మధ్యాహ్నం క్యారియర్ మూతైనా తీయకుండా ఇంటికి తిరిగి తీసుకుపోయారు.

భుజాన తగిలించుకొని గడ్డి కోసే చిన్న ఇంజను యంత్రాలు కొనాలని 2013లో సంస్థ నిర్ణయించింది. పేరున్న కంపెనీదే కావాలని రాజారత్నం గారు, చాలా తక్కువ ధరకు దొరికే చవక యంత్రం చాలునని గుల్నాజ్ గారు వాదించారు. ఒక వానాకాలం రెండింటినీ నడిపి చూడాలని, ఎవరి ఎంపిక నెగ్గితే వారికే వర్క్‌షాపు బాధ్యత అప్పగించాలని పైఅధికారులు తీర్మానించారు.

అలిపిరి వైపు ఆవరణలో పరీక్ష మొదలైంది. చవక ఇంజను అదురుకు బోల్టులు వదులయ్యేవి, లాగే తాడు తెగేది. అయినా ఊళ్లో దొరికే సామానుతో అది ఆ పూటకే మళ్లీ పనిలోకి వచ్చేది. రాజారత్నం గారి యంత్రం ఎంతో మెత్తగా నడిచి, కార్బురేటరులో ఒక చిన్న భాగం పాడై, అది చెన్నై నుండి వచ్చేదాకా షెడ్డులో కూర్చుంది. అవతలి ఇంజను శబ్దం వినబడిన ప్రతి ఉదయమూ, ఈరోజైనా అది మొరాయించకపోతుందా అని వారు చెవియొగ్గి వినేవారు.

అటువంటి ఒక ఉదయం, గడ్డికోత కార్మికుడు గిరి ఆ చవక యంత్రంలో పెట్రోలు నింపడం వారి కంటపడింది. ఆ ఇంజనుకు పెట్రోలులో ఆయిల్ కలిపి పోయాలి. కలపకుంటే కాసేపటికే పిస్టన్ పట్టేసి పనికిరాకుండా పోతుంది. గిరి ఆ సంగతి మరచాడు. గుల్నాజ్ గారు దగ్గరలో లేరు. గిరి తాడు లాగాడు, ఇంజను అందుకుంది. పోటీ గెలవడానికి, పదహారేళ్ల కడుపుమంట చల్లారడానికి రాజారత్నం గారు చేయవలసిందేమీ లేదు, ఊరికే నిలబడితే చాలు. కొన్ని క్షణాలు నిలబడ్డారు కూడా.

"ఆపప్పా గిరీ. ఆయిల్ కలపకనే పోసినావు."

"ఇది మేడం మిషన్ గదా సార్, మీకెందుకు?"

"ఎవరిదైతే ఏమి, ముందు ఆపు."

ఆ సాయంత్రం ఇంటికి వెళ్లి, "అట్లనే వదిలేసింటే పోయుండును" అని సతీమణి రెబెకా గారి దగ్గర విసుక్కున్నారు.

"మరి ఎందుకు చెప్పినారు?"

"ఏమో, తెల్లా. ఇంజను కాలిపోతా ఉంటే సూస్తా నిలబడలేకపోయినాను."

చవక యంత్రమే నెగ్గింది. గుల్నాజ్ గారు వర్క్‌షాపు అధిపతి అయ్యారు. రాజారత్నం గారు నేటివరకు ఆమె కిందే పనిచేశారు. తరువాత కొన్న ఆ చవక ఇంజన్లన్నిటినీ విప్పి, తుడిచి, బిగించి, నమ్మకంగా నడిపించింది వారి చేతులే. సిబ్బంది మాత్రం వాటిని "మేడం ఇంజన్లు" అనేవారు. విన్న ప్రతిసారీ వారి ముఖం ముడుచుకునేది. ఒక్క ఇంజను విషయంలోనైనా అశ్రద్ధ చేసింది లేదు. గిరి ద్వారా ఆనాటి సంగతి తెలిసి గుల్నాజ్ గారు కృతజ్ఞత చెప్పబోతే, "ఆ మాట ఎత్తొద్దు మేడం, నాకింకా మంటగానే ఉండాది" అన్నారు.

గత మాసంలో ఈ సన్మానానికి కుటుంబాన్ని ఆహ్వానించడానికి గుల్నాజ్ గారు చంద్రగిరిలోని వారి ఇంటికి వెళ్లారు. పెరట్లో జామచెట్టు కింద గడ్డి నున్నగా కోసి ఉంది. గోడ పక్కన అదే కంపెనీ చవక యంత్రం కనబడింది.

"శానా దినాల కిందనే కొనుక్కోనొచ్చినారు మేడం. మీకు చెప్పొద్దన్నారు" అన్నారు రెబెకా గారు.

రాజారత్నం గారు ఆ యంత్రాన్ని గోడ పక్క నుండి ముందుకు జరిపారు. "మిషన్ మంచిదే మేడం. దాన్ని ముందుగా కనుక్కునింది నేను కాకపోతినే, అదే నా బాధ" అన్నారు.

ఇంతటి బాధను ఇన్నేళ్లు మోస్తూ కూడా చేతి పనికి మచ్చ రానీయని మా పెద్దలు శ్రీ రాజారత్నం గారు, రెబెకా గారు తోడుగా, మోకాళ్లకు నొప్పి తెలియకుండా, కంటిచూపు తగ్గకుండా, నిండు ఆరోగ్యంతో చిరకాలం ఆ పెరటి నీడన హాయిగా జీవించాలని సహోద్యోగులందరమూ మనసారా కోరుకుంటున్నాము.