జోడు ఫోన్లు

వికారాబాద్ స్టేషన్ ఎదుట ఫోన్లు బాగుచేసే దుకాణం. వచ్చినామె బల్ల వదిలి కదలడం లేదు.

"అక్కా, దీంట్ల పవర్ చిప్ ఖరాబైంది. గందుకే ప్రాసెసర్ గింత కాలుతున్నది."

"కొత్త చిప్ వెయ్యి భాయ్."

"బజార్ల అన్నీ నకిలీవే. కరెంటు ఎక్కువ పంపిస్తయి. ప్రాసెసర్ మాడిందంటే ఫొటోలన్నీ పోతయి."

"వద్దు, వద్దు! తప్పిపోయిన మా తమ్ముని ఫొటో దాంట్లనే ఉన్నది. ఆధార్ మీదిది చిన్నప్పటిది. పోలీసులు ఇప్పటిది తెమ్మంటున్నరు."

"అయితే గిదే మోడల్ పాత ఫోన్ తే అక్కా. దాని చిప్ తీసి దీనికేస్త. అసలుది గాబట్టి వేడెక్కదు."

"ఉన్నది భాయ్. తాండూరుల ఇద్దరం జోడుగ కొన్నం."

"ఇంకేంది మరి? జల్ది పోయి తే."

"అది వాని జేబుల ఉన్నది."