గడప లేని గది

తుడవకు జగన్నాధం. ఆ తడిగుడ్డ కాసేపు అవతల పెట్టు. తుడిస్తే ఇంకా పాకుతాది. తెల్లగోడ మీద పడ్డ పసుపు వదుల్తాదేటి? రంగు వెయ్యాల్సిందే. అందుకే కదా మా కోడలు ఝాన్సీ నీకు ఫోన్ సేసింది.

సంటిపిల్లలెవరో పూసేరని సెప్పిందేమో నీతోటి. ఈ ఇంట్లో సంటిపిల్లలెక్కడున్నారు? నేనే పూసేను. పొద్దున్నే నీళ్లోసుకుని, పసుపు కలుపుకుని, కిందకి వంగి, ఈ సివర నుంచి ఆ సివర దాకా రాసేను. కుంకం బొట్లు పెట్టేను. శుక్రవారం కదా.

గోడకి పసుపేటని నవ్వుతన్నావా? ఇది గోడ కాదు నాయినా, తలుపు. నా గది తలుపు. ఇలగ నొక్కి వదిలి సూడు... సూసేవా?

మీ అమ్మ దాలమ్మా నేనూ ఒక్క వీధికే కాపరానికొచ్చేము. పరాయోడివి కాదు గాబట్టి సెప్తన్నాను. ఫ్రెంచి ఇల్లంట ఇది. పాండిచ్చేరి ఎల్లొచ్చినప్పట్నించి ఝాన్సీకి ఆ ముచ్చట పుట్టింది. అలాటి ఇల్లు బొబ్బిలి మొత్తం మీద లేదని మావోడు నరసింగరావూ సరే అన్నాడు. విశాఖపట్నం నుంచి డిజైనరొచ్చేడు. గోడలకి పూలతీగల పట్టీలు, అద్దానికి బంగారం రంగు అంచు, వంకర కాళ్ల కుర్చీలు, పైనుంచి వేలాడే గాజు దీపాలు. అబద్ధమెందుకు, బాగుంది. ఎండ ఆ గాజుల మీద పడి గోడంతా మెరిసినప్పుడు ముద్ద నోట్లో పెట్టుకోడం మరిసిపోయి సూసేను.

మధ్యలో తలుపొస్తే గోడ అందం సెడిపోతాదని ఆ డిజైనరే సెప్పేడంట. ఫ్రెంచోళ్ల దేశంలో పెద్ద మేడల్లో ఇలగే గోడలో కలిసిపోయే తలుపులుండేవంట. పనోళ్లు అందులోంచి వచ్చి, పని సూసుకుని, మళ్లీ అందులోకే పోయేవోరంట. నవ్వుతా సెప్పేడు. నేనూ నవ్వేను.

నా గది ద్వారబంధం తీసేసేరు. గడప పీకేసేరు. మీ బాబాయి పోయినప్పుడు నాకు బొట్టొద్దన్నారు. గడపకి వద్దని ఎవులూ అన్లేదు. వారం వారం దానికి పెట్టుకునేదాన్ని.

నాకేటి లోటు? ఏసీ ఉన్నాది. బాత్రూం లోపలే ఉన్నాది. మంచం దూదిలాగుంటాది. ఝాన్సీ సెడ్డది కాదు, మోకాళ్లు సలిపితే నూనె రాస్తాది. పాపం, ఆ తెల్ల సోఫా మీద అదీ కూకోదు. మరక పడతాదని వంటింట్లో నిలబడి తింటాది.

మొన్న ఎవరో ఆడోళ్లొచ్చేరు. నాకు దాహమేసి తలుపు తోసేను. ఆళ్లకేటి కనబడింది సెప్పు? గోడ తెరుసుకుంది, అందులోంచి ముసిల్దొచ్చింది. ఒకావిడ కెవ్వుమంది. టీ కప్పు తివాసీ మీద పడింది. తరవాత అందరూ నవ్వేరు. నేనూ నవ్వేను. ఆళ్లెల్లిపోయేక ఝాన్సీ నా పక్కన కూకుని మెల్లిగా అంది. "అత్తా, ఎవరైనా ఉన్నప్పుడు నువ్వు రాకు. నాకు ఫోన్ సెయ్యి. ఏటి కావాలన్నా నేనే పట్టుకొస్తాను."

మంచి మాటే కదా? అందులో ఏటి తప్పు పడతావు?

అప్పట్నించి హాల్లో మాటలినబడితే లోపలే ఉంటన్నాను. దగ్గొస్తే తలగడ నోటికి అడ్డం పెట్టుకుంటన్నాను. అలగ పెట్టుకోమని ఎవులూ సెప్పలేదు బాబూ. నాకు నేనే పెట్టుకుంటన్నాను. బయమేస్తంది.

నేను అరవై దాటేక వయోజనుల బడికెల్లి అచ్చరాలు నేర్సుకున్నాను, మీ అమ్మ సెప్పే ఉంటాది. పలకట్టుకుని పోతంటే ఎంత యెక్కిరించేదో. ఇప్పుడు కూడబలుక్కుని సదువుతాను. ఝాన్సీ ఈ హాలు ఫొటో ఫోన్లో పెడితే కింద ఎవరెవరో రాసేరు. వేలు పెట్టుకుని సదివేను. గోడ చాలా బాగుంది, అని ఒకావిడ. ఇలాటి గోడ మాకూ కావాలి, అని ఇంకొకావిడ. ఎక్కడ సూసినా గోడే. ఆ ఫొటో తీసినప్పుడు ఆ గోడెనకాల నేను సిక్కుడుకాయలకి ఈనెలు తీస్తన్నాను.

అందుకు పూసేను. కోపంతోటి కాదు. ఇక్కడ తలుపుందని తెలియాలి కదా. రేపు నా ప్రాణం పోతే ఎక్కణ్ణించి తీసుకెళ్తారు నన్ను, గోడలోంచా?

నరసింగరావు సూసేడు. పసుపు కేసి సూసేడు, నాకేసి సూసేడు, పెళ్లాం కేసి సూసేడు. కాసేపు నా సెయ్యట్టుకుని నిలబడ్డాడు కూడాను. అమ్మా, సాయంకాలం ఇల్లు వీడియో తీసేవోళ్లొస్తారు, అన్నాడు.

ఏటి, బ్రష్షు కింద పెట్టేస్తన్నావేటి? వద్దొద్దు. నువ్వు వెయ్యకపోతే ఇంకోడొస్తాడు. ఆడు ఇంతసేపు నిలబడి నా మాట ఇంటాడా? తియ్యి, బ్రష్షు తియ్యి.

తడారేదాకా తలుపు కదపకూడదంటావా? అయితే ఆ వీడియో ఓళ్లు ఎల్లేదాకా తియ్యకపోడమే మంచిది. సర్లే. ఉండు మరి, మంచినీళ్ల సెంబు తెచ్చుకుంటాను.

ఆఁ, వచ్చేను. నువ్వు తప్పుకో, లోపల్నించి నేనే లాక్కుంటాను.

జగన్నాధం... ఇనబడతందా? అట్నించి సూస్తే తలుపని తెలుస్తందా బాబూ?

తెలీదా.

సరే. రంగు వేసీ.