లాంతరు పాటకు గొంతు

హలో… ఆ, నేనేనమ్మా, బడిలో పండుగల కార్యక్రమం చూసే టీచర్ని… లేదు లేదు, పాపకేం కాలేదు. బడి నుంచి ఫోనంటే చాలు, మీకందరికీ గుండె గుభేలుమంటుంది.

ఆ కుట్టుమిషను కాస్త ఆపండి… ఆ. ఇప్పుడు వినిపిస్తోంది.

శుక్రవారం కార్యక్రమం సంగతే… అవును, ఏడు దేశాల పండుగలు. ఆకులు రాలడం మొదలయ్యే వేళ ఎక్కడెక్కడ ఎవరు ఏ పండుగ చేసుకుంటారో పిల్లలకు తెలియాలనే కదా ఈ తిప్పలన్నీ. బ్యానరు కూడా వచ్చేసింది. 'లోకమంతా ఒకే ఇల్లు'… బావుంది కదూ. నేనే రాశాను.

మీ లాంతర్ల పండుగ చివర పెట్టాం. అన్నిట్లోకీ అదే బావుందన్నారు మన బడి చైర్మన్ గారు… మరి సంతోషించండి.

అయితే ఒక చిన్న మార్పు.

లాంతరు పట్టుకుని ముందు నడిచేది మీ పాప కాదమ్మా. చైర్మన్ గారి మనవరాలు…

ముందు వినండి—

బాగానే చేస్తోంది, కాదని ఎవరన్నారు? నెల రోజులుగా చూస్తున్నా కదా. కానీ మీ పాప పాడుతుంటే ముందు వరుసలో చిన్నపిల్లలు బిక్కమొహాలు వేశారు. పండుగంటే నవ్వుతూ తుళ్ళుతూ ఉండాలి… ఇంకోటేంటంటే, మీ పాప చూడ్డానికి ఆ దేశం పిల్లలా లేదంటున్నారు…

అక్కడే పుట్టిందని నాకు తెలుసమ్మా. చూసేవాళ్ళకు తెలియాలి కదా. పాఠం పుస్తకంలో బొమ్మ ఉంది, బుగ్గలు ఇంతింత. మనవరాలు అచ్చు గుద్దినట్టు ఆ బొమ్మలాగే ఉంది.

…

ఉన్నారా?

ఆ. ఇంతకీ నేను ఫోన్ చేసింది ఆ గౌను కోసం. మీరు కుట్టిందే వేద్దాం. అంత అసలైనది బజార్లో ఎక్కడ దొరుకుతుంది? నడుం దగ్గర రెండంగుళాలు వదలండి, మనవరాలు కొంచెం బొద్దు. మెడ చుట్టూ ఆ గళ్ళ గుడ్డ ఏంటి, పాతదేసినట్టున్నారు?

…

ఓహో. ఆయన చొక్కాదా.

పోయినవాళ్ళ బట్ట ఒక ముక్క వేయడం మీ ఆచారమా… పాపం. ఎండాకాలంలోనే కదూ పోయింది… అర్థమవుతోందమ్మా, నేనూ మనిషినే. కానీ మనవరాలికి ఒళ్ళు సుకుమారం, దురద పుడుతుంది. విప్పేసి కొత్త గుడ్డ వేయండి. అంత దూరం నుంచి ఎవరు కనిపెడతారు?

ఇక పాట. మనవరాలికి మీ భాష నోరు తిరగడం లేదు. మీ పాప గొంతు రికార్డు చేసి మైకులో వేస్తాం, ఆ పిల్ల పెదాలు కదిపితే చాలు… కార్యక్రమం కార్డులో పాప పేరా? తెర వెనక వాళ్ళ పేర్లు కార్డులో వేయమమ్మా. నా పేరే వేసుకోలేదు.

ఒక్క మాట మాత్రం మార్చాలి. ఆ ఏడు ఇంట్లోంచి వెళ్ళిపోయిన మనిషిని పిలిచి, దారి ఇటు అని లాంతరు చూపించడం కదా ఆ పాట. మీ పాప 'నాన్నా' అని పిలుస్తోంది. అక్కడ 'తాతా' అనాలి. చైర్మన్ గారి నాన్నగారు పోయి ఆరు నెలలే అయింది. మునిమనవరాలు తాతా అని పిలుస్తుంటే చైర్మన్ గారు ముందు వరుసలో కూర్చుని వింటారు. ఊహించుకోండి, నాకే ఒళ్ళు గగుర్పొడుస్తోంది.

…

చూడండి, నేను బెదిరించే మనిషిని కాదు. యూనిఫారాలు మీ దగ్గరే కుట్టిద్దామని పోయినేడు చైర్మన్ గారితో చెప్పింది ఎవరు? ఈ ఏడు కూడా చెప్పాల్సింది నేనే కదా… ఆ. సరేనన్నారు, బావుంది.

పాపకివ్వండి ఫోను.

ఏరా బంగారం, అన్నం తిన్నావా? … అమ్మ మొహం చూడకు, నాతో మాట్లాడు. 'నాన్నా' అనే చోట 'తాతా' అని పాడతావు, అంతే…

ఎందుకంటే, మీ నాన్న శుక్రవారం వచ్చి కూర్చోడు కదమ్మా. చైర్మన్ గారు కూర్చుంటారు.

ఊఁ, పాడు. రికార్డవుతోంది.

…

…

ఆగు. 'నాన్నా' అన్నావు. మళ్ళీ మొదట్నుంచి.

…

మళ్ళీ అదే అన్నావు. చెవులు పనిచేస్తున్నాయా అసలు?

…

సరే, పోనీలే. నీకు నచ్చినట్టే పాడుకో. మొత్తం పాడు, నేనేం అనను.

…

…

చక్కగా పాడావు. ఇప్పుడు పాట వద్దు, ఊరికే ఒక్క మాట చెప్పు. మీ భాషలో తాతను ఎలా పిలుస్తారు? నాకు తెలియక అడుగుతున్నా… ఊఁ. ఇంకోసారి, గట్టిగా… దూరంగా ఉన్నవాళ్ళను పిలిచినట్టు, సాగదీసి…

బంగారు తల్లివి. అమ్మకివ్వు.

ఆ, అయిపోయిందమ్మా. మైకుల మనిషి ఆ మాట కోసేసి ఈ మాట అతికిస్తాడు. అచ్చం మీ కుట్టు లాగే, అతుకెక్కడో మీరు విన్నా పట్టుకోలేరు.

శుక్రవారం పాపను పంపకండి. కింద కూర్చుని తనూ అందుకుందంటే రెండు గొంతులు వినిపించి అభాసవుతుంది. గౌను ఒక్కటీ ఎనిమిదింటికల్లా పంపండి. గళ్ళ గుడ్డ విప్పడం మరిచిపోకండి.

ఏంటా చప్పుడు… పాపేనా?

ఏడవనివ్వండమ్మా. ఇక గొంతుతో పని లేదుగా.

హలో… హలో…