అందకుండానే అందిందన్న పెట్టె

నరసరావుపేటలో మౌలాలీ టీ కొట్టు. బ్యాంకు కంప్యూటర్ సెక్షన్లో చేసి రిటైరైన ధనుంజయరావు పాల ప్యాకెట్ కోసమని వచ్చి, అది ఒళ్లో పెట్టుకుని బల్ల మీద కూర్చున్నాడు. పక్కన మేనకోడలు యమున. ఒక బ్యాంకులో మెయిన్‌ఫ్రేమ్ అనే పాత పెద్ద కంప్యూటర్ మాటల్ని, ఇంటర్నెట్ తరహా ఐపీ నెట్‌వర్క్ మీద ఏ పద్ధతిలో పంపాలో సాయంత్రం మీటింగులో ఆ అమ్మాయే తేల్చి చెప్పాలి. తప్పు చెబితే కొత్త ఉద్యోగం ఉండదు.

“నేను చేసింది చిన్న పనేలే అమ్మాయ్, ఒక కేబుల్ బిగించా, అంతే. మెయిన్‌ఫ్రేమంటే జమీందారు లాంటిది, జవాబు కాస్త ఆలస్యమైతే అలిగి లైన్ కట్ చేస్తది. దాని మాటని ఉన్నదున్నట్టు ఐపీ కవర్లో పెట్టి పంపడం మొదటి పద్ధతి. నేను పంపిన కవర్ల బరువుకి ముప్పాళ్ళ దగ్గర తీగ సాగి మిరప చేలో ఆనింది, కాయలు కోసే ఆడోళ్లకి ఖాతాదారుల పేర్లన్నీ వినపడ్డయ్.”

“మరి దారిలో ఆలస్యమైతే, మామయ్యా?”

“అలిగింది. ఆ తర్వాత ఏమైందో తెలుసా? రెండో పద్ధతి దించా. రెండు కొసలా రెండు పెట్టెలు. అవతల చేరిందో లేదో చూడకుండా ఇక్కడి పెట్టే ‘అందింది’ అంటది, జమీందారు చల్లబడతాడు. నా పెట్టె ఎంత హుషారంటే, అడక్కముందే అందిందనేది.”

మౌలాలీ ఫోన్ మోగింది. ధనుంజయరావు భార్య రాఘవమ్మ. ఆయన కళ్లతోనే సైగ చేశాడు. “బయల్దేరారమ్మా, దారిలో ఉన్నారు,” అన్నాడు మౌలాలీ, టీ వడపోస్తూనే.

“మూడోది, ఆ పాత మాటనే ఐపీకి అలవాటు చేసి, ఈ కొస నుంచి ఆ కొసదాకా అదే పోయి అదే జవాబు తెచ్చుకునేట్టు చేయడం. అదీ చేశా. ఎంత స్పీడొచ్చిందంటే, రేపు పంపాల్సింది నిన్ననే విజయపురి సౌత్ బ్రాంచికి చేరింది, ఆ గాలికి అక్కడి డ్యామ్ గేటొకటి దానంతటదే లేచింది. కాకపోతే చానా చాకిరీ. నా మాట విని రెండోదే చెప్పు.”

ఫోన్ మళ్లీ మోగింది. మౌలాలీ మళ్లీ అదే చెప్పాడు. కాసేపటికి ఆటో ఆగి రాఘవమ్మ దిగింది.

“ఏంది మౌలాలీ, దారిలో ఉన్నాడంటివి? డికాషన్ మరిగి మరిగి మాడిపోయింది,” అని మొగుడి ఒళ్లోని ప్యాకెట్ తీసి నొక్కి చూసింది. పాలు విరిగిపోయాయి.

యమున నవ్వు ఆపుకుంది. “రెండో పద్ధతి కళ్లారా చూశా మామయ్యా. పెట్టె బాగానే పలికింది, పాలే అందలేదు. సాయంత్రం మూడోదే చెప్తా.”

ధనుంజయరావు ఆటో ఎక్కుతూ మౌలాలీ వైపు చెయ్యి చూపించాడు.

“ఆ పెట్టెని తయారుచేసింది ఎవరనుకున్నావే?”